ముందు నెల, తర్వాత ద్వీపం

ఎండలు ముదిరే రోజులు వచ్చేసరికి గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు ఇళ్లలో ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది: ఈసారి అండమాన్ పోదామా, మాల్దీవులు పోదామా అని. ఒకప్పుడు సెలవులంటే తిరుపతి, శ్రీశైలం, మహా అయితే ఊటీ. ఇప్పుడు ఆలోచన సముద్రం మధ్యలోని దీవుల దాకా వెళ్లింది. ఏడాది పొడుగునా పంటతోనో, దుకాణంతోనో, కమీషన్ వ్యాపారంతోనో సతమతమయ్యే కుటుంబం నాలుగు రోజులు నీలి నీళ్ల పక్కన ఊపిరి పీల్చుకోవాలనుకోవడం సంతోషించాల్సిన విషయం. కానీ ఈ ప్రయాణాలు ఖాయమయ్యే తీరు మీద నాకు అభ్యంతరం ఉంది. ఫోన్‌లో ఒక ఫొటో చూస్తాం. దీవి పేరు ఖాయం చేస్తాం. తర్వాత ఇంట్లో ఎవరికి ఎప్పుడు వీలవుతుందో వెతుక్కుని, ఆ తేదీలకు టికెట్లు కొంటాం. ఆ రోజుల్లో అక్కడి సముద్రం ఎలా ఉంటుందన్న ప్రశ్న మాత్రం చిట్టచివరికి వస్తుంది. కొందరికైతే అక్కడ పడవల రేవులో నిలబడ్డాకే వస్తుంది. ఈ వరుస తలకిందులు. పత్తి మీద, మిరప మీద బతికే మన నేల వాళ్లు ముందు తమకు ఖాళీ దొరికే నెల ఏదో తేల్చుకోవాలి. ఆ నెలలో ఏ సముద్రం నెమ్మదిగా ఉంటుందో చూసుకోవాలి. దీవి పేరు ఆ తర్వాతే రావాలి. ఈ పూట నేను వాదించదలచింది ఈ ఒక్క మాటే. ఖర్చు, రోజుల లెక్క, సామాను, ఆరోగ్యం అన్నీ దీని వెంటే నడుస్తాయి.

మన క్యాలెండరు సంగతి ముందు చూద్దాం. జూన్, జులై వానలకు పత్తి విత్తనాలు పడతాయి. మిరప నారు పోసి, ఆగస్టు నుంచి నాట్లు వేస్తారు. అక్టోబరు మొదలుకొని సంక్రాంతి దాటేదాకా పత్తి తీత. అది ముగుస్తుండగానే జనవరిలో మిరప కోతలు మొదలై మార్చి, ఏప్రిల్ దాకా సాగుతాయి. కోసిన కాయ కల్లంలో ఆరాలి, తాలు ఏరాలి, టిక్కీలకు ఎత్తాలి, గుంటూరు మిర్చి యార్డుకు చేర్చాలి, ధర నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు యార్డులో రైతుకు గాని, వ్యాపారికి గాని, గుమస్తాకు గాని, హమాలీకి గాని తల తిప్పుకునే తీరిక ఉండదు. తర్వాత ఎండ దెబ్బకు యార్డు మే నెలలో వేసవి సెలవులు తీసుకుంటుంది. సాధారణంగా అవి జూన్ మొదటి వారం దాటేదాకా ఉంటాయి. మన రాష్ట్రంలో బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. అంటే ఇంటిల్లిపాదీ కలిసి కదలగలిగేది ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం మధ్య. దసరా, సంక్రాంతి సెలవులున్నాయి కదా అంటారేమో. దసరాకు పత్తి చేలు పగిలి తెల్లబడి ఉంటాయి. సంక్రాంతికి మిరప కోతకు కూలీలు దొరకడమే గగనం. చేను వదిలి కదిలే రైతు కుటుంబాలు ఆ రోజుల్లో తక్కువే.

ఇక సముద్రం క్యాలెండరు. మన శ్రోతల్లో ఎక్కువ మంది ముందుగా తలచే దీవులు అండమాన్ కనుక అక్కడి నుంచే మొదలు పెడతాను. పోర్ట్‌బ్లెయిర్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మన ప్రకాశం జిల్లా వానకు అది మూడు రెట్లు మించి. నైరుతి రుతుపవనాలు కేరళకు రాకముందే అండమాన్‌ను తాకుతాయి. సాధారణంగా మే 20 అటూ ఇటూ. 2025లో అయితే మే 13కే నికోబార్ దాకా వచ్చేశాయి. ఏప్రిల్‌లో కొద్దిపాటి జల్లులు పడే చోట మే నెల వాన అనేక రెట్లు పెరుగుతుంది. సరిగ్గా మన యార్డు తలుపులు మూసుకుని మనం బయలుదేరుదామనుకునే వేళకు అక్కడ వానాకాలం తలుపు తెరుచుకుంటుందన్నమాట. వాన ఒక్కటే అయితే గొడుగు పట్టుకోవచ్చు. బంగాళాఖాతానికి తుపాన్ల కాలాలు రెండు: ఒకటి మే, రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు. ఇది మన తీరం వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1990 మే 9న కృష్ణా, గుంటూరు తీరాన్ని ఛిద్రం చేసిన తుపాను, 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా, 2023 డిసెంబరు 5న మళ్లీ బాపట్ల దగ్గరే దాటిన మిగ్‌జాం, మూడూ ఆ రెండు కాలాల్లోనివే. వీటిలో చాలా వాయుగుండాలు మొదట పుట్టేది అండమాన్ చుట్టుపక్కల నీళ్లలోనే. 2016 డిసెంబరు మొదటి వారంలో, తర్వాత వర్దా తుపానుగా మారి చెన్నైని తాకిన వాయుగుండం అండమాన్ మీద ఉన్నప్పుడు, హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు పడవలు నడవక చిక్కుకుపోయారు. నౌకాదళం ఓడలు వెళ్లి వాళ్లను పోర్ట్‌బ్లెయిర్‌కు చేర్చాల్సి వచ్చింది. ఆ మనుషులు చేసిన తప్పేమీ లేదు. డిసెంబరు అక్కడ పర్యాటకుల కాలమే. కానీ దీవిలో ఉన్నవాడికి ఇంకో రోడ్డు, ఇంకో బస్సు ఉండవని ఆ వారం అందరికీ తెలిసొచ్చింది.

ఈ రెండు క్యాలెండర్లను పక్కపక్కన పెట్టి చూస్తే అండమాన్‌కు మనకు దొరికే కిటికీ చాలా చిన్నది: బడులు మూసిన రోజు నుంచి మే మొదటి వారం ముగిసేలోపు, పన్నెండు, పదమూడు రోజులు. మిరప చివరి కోత ముగిసి సరుకు అమ్ముడైన రైతు కుటుంబం, లేదా సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగిన కుటుంబం, ఆ రోజుల్లో వెళ్లి రావచ్చు. మిరప లేకుండా పత్తి ఒక్కటే వేసుకున్న వాళ్లకు, బడి పిల్లలు లేని ఇళ్లకు ఫిబ్రవరి అన్నిటికన్నా మంచి నెల. సముద్రం నెమ్మదిగా ఉంటుంది, పండగల రద్దీ తగ్గి ఉంటుంది. యార్డు సెలవులిస్తే తప్ప కదలలేని వ్యాపారులు, గుమస్తాలు మాత్రం అండమాన్ ఆశ ఇంకో ఏడాదికి వాయిదా వేసుకోవడం మేలని నా నిశ్చితాభిప్రాయం. దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. వానాకాలంలో గదులు సగం ధరకు వస్తాయి, రోజంతా వాన కురవదు కదా, అంటారు. ఆ మాటలో నిజం ఉంది. వాన జల్లులు జల్లులుగా వస్తుంది, మధ్యలో ఎండ కాస్తుంది, అడవి పచ్చగా మెరుస్తుంది. గదిలో విశ్రాంతిగా కూర్చుని వాన చూడడమే చాలుననుకునే జంటకు ఆ కాలం సరిపోతుంది. అయితే గుంటూరు నుంచి అంత దూరం వెళ్లే కుటుంబాల్లో ఎక్కువ మంది వెళ్లేది పడవెక్కి ఇంకో దీవికి పోవడానికి, స్వచ్ఛమైన నీళ్లలో పగడాలు చూడడానికి. గాలి వీస్తే పడవ ఆగుతుంది. వాన నీళ్లు కలిస్తే సముద్రం మసకబారుతుంది. గదిలో తగ్గిన డబ్బు కన్నా చూడకుండా వదిలేసిన చోట్ల విలువ ఎక్కువ.

మరి మే రెండో వారం తర్వాతే ఖాళీ దొరికే వాళ్లు దీవులు చూడకూడదా? చూడవచ్చు, వేరే సముద్రం ఎంచుకోవాలి. మాల్దీవులకూ, లక్షద్వీప్‌కూ మే నుంచి నైరుతి గాలుల కాలమే. లక్షద్వీప్‌లో మే మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు ఓడల రాకపోకలే తగ్గిపోతాయి. థాయిలాండ్‌లో ఫుకెట్ వైపు పరిస్థితీ అంతే. కానీ భూమధ్యరేఖకు దక్షిణాన లెక్క తిరగబడుతుంది. బాలిలో ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు పొడి కాలం. మారిషస్‌లో తుపాన్ల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. మే వచ్చేసరికి అది దాదాపు ముగిసి చల్లని, హాయైన రోజులు మొదలవుతాయి. మన యార్డు సెలవులకు అతికినట్టు సరిపోయే దీవి మారిషస్. భారతీయులు అక్కడికి ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. 19వ శతాబ్దంలో చెరకు తోటలకు కూలికి వెళ్లిన తెలుగువాళ్ల సంతతి అక్కడ ఉంది, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. తెలుగు గుడి మెట్ల మీద కూర్చుని పలకరించే మనుషులు దొరుకుతారు. శ్రీలంక ఇంకో ఆసక్తికరమైన ఉదాహరణ. ఒకే దీవి, రెండు కాలాలు. మేలో కొలంబో, గాలే ఉన్న నైరుతి తీరం వానల్లో తడుస్తుంటే, తిరుకోణమలై ఉన్న తూర్పు తీరం ప్రశాంతంగా ఉంటుంది. మేలో శ్రీలంక బాగుంటుందా అని అడిగితే జవాబు లేదు. మేలో ఏ తీరం అని అడగాలి. విదేశీ దీవులకు వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలు మించి ఉందో లేదో టికెట్ కొనక ముందే చూసుకోవాలి. విదేశీ ప్యాకేజీ మీద అమ్మేటప్పుడే టీసీఎస్ అనే పన్ను వసూలు చేస్తారు; అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. రసీదు దాచుకోవడం మర్చిపోకూడదు.

నెల కుదిరాక రోజుల సంగతి. సముద్రం మన మాట వినదు కనుక ప్రయాణంలో ఒక రోజు దానికే విడిచిపెట్టాలి. మన కుటుంబాలు యాత్రలకు అలవాటుపడి ఉన్నాయి. తెల్లారి లేచి ఒక గుడి, పదికి ఇంకో గుడి, రాత్రికి మరో ఊరు. రోజుకు ఎన్ని చూస్తే అంత గిట్టినట్టు. ఆ పద్ధతి రోడ్డు మీద చెల్లుతుంది, పడవల మీద చెల్లదు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు వేగంగా వెళ్లే పడవలో రెండు గంటల లోపు, ప్రభుత్వ పడవలో ఇంకాస్త ఎక్కువ సమయం పడుతుంది. అక్కడి నుంచి నీల్‌కు ఇంకో పడవ, తిరిగి పోర్ట్‌బ్లెయిర్‌కు మూడోది. ఇందులో ఏ ఒక్కటి ఆగినా మిగతా లెక్కంతా కూలిపోతుంది. కనుక దూరపు దీవులు ముందు చూసి, చివరి రెండు రాత్రులూ పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండేలా పెట్టుకోవాలి. హేవ్‌లాక్‌లో పొద్దున పడవెక్కి, మధ్యాహ్నం పోర్ట్‌బ్లెయిర్‌లో విమానం అందుకుందామనుకోవడం జూదం. ఇంటి వైపు కూడా ఇదే జాగ్రత్త. తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు వాళ్లకు రైలు దారి నేరుగా చెన్నైకే పోతుంది కనుక విమానం అక్కడి నుంచి తీసుకోవడం సహజం. ముందు రోజు సాయంత్రానికే చెన్నై చేరాలి. మిగ్‌జాం వచ్చినప్పుడు 2023 డిసెంబరు 4న చెన్నై విమానాశ్రయం రన్‌వే నీట మునిగి విమానాలు ఆగిపోయాయి. మర్నాటికి గాని తేరుకోలేదు. ఒక రోజు వృథాగా పెట్టుకుంటే హోటలు ఖర్చు దండగ కదా అని అడిగేవాళ్లకు నా జవాబు: నలుగురి కుటుంబానికి ఒక రాత్రి గది అద్దె, అదే నలుగురికి చివరి నిమిషంలో కొనే కొత్త విమాన టికెట్లు, ఈ రెండూ కాగితం మీద రాసి చూడండి. పైగా ఏ ఆటంకమూ రాకపోతే ఆ రోజు వృథా కాదు, సెల్యులర్ జైలు చూడడానికి తీరికగా దొరుకుతుంది. ఓడ మీద పోతే చవక కదా అనేవాళ్లూ ఉన్నారు. చెన్నై నుంచి, విశాఖ నుంచి ఓడలు ఉన్న మాట నిజమే; అయితే పోవడానికి సుమారు మూడు రోజులు, రావడానికి అన్ని రోజులు, ఆ పైన నెలకు కొన్నే ఓడలు. పన్నెండు రోజుల కిటికీలో ఆరు రోజులు దారికే పోతాయి.

నీళ్లలోకి దిగే స్కూబా డైవింగ్‌కు కూడా రోజుల వరుసే ముఖ్యం. లోతుకు దిగి ఊపిరి తీసినప్పుడు శరీరంలో నైట్రోజన్ కరిగి నిలుస్తుంది. అది నెమ్మదిగా బయటకు పోక ముందే విమానంలో పైకి వెళితే బుడగలై కీళ్లకు, నరాలకు ప్రమాదం తెస్తుంది. డైవింగ్ తర్వాత కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు విమానం ఎక్కకూడదు. ఆఖరి రోజు ఉదయం డైవింగ్, సాయంత్రం విమానం అని రాసి ఉన్న ప్యాకేజీ కాగితం చేతికొస్తే వెనక్కి ఇచ్చేయండి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడిగే దిగాలి. అక్కడ సంతకం పెట్టించుకునే ఆరోగ్య పత్రంలో నిజం రాయాలి. రోజులోని గంటలకూ ఇలాంటి లెక్క ఉంది. అండమాన్ మన కన్నా తూర్పున పన్నెండు డిగ్రీల రేఖాంశం అవతల ఉంది, గడియారం మాత్రం ఒకటే. కాబట్టి పొద్దు మనకన్నా సుమారు 50 నిమిషాలు ముందు పొడుస్తుంది, అంతే ముందు కుంకుతుంది. సాయంత్రం అయిదున్నర దాటితే చీకటే. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసి సముద్రానికి బయలుదేరే మన అలవాటు అక్కడ పనికిరాదు. నీల్ దీవిలో లక్ష్మణ్‌పూర్ దగ్గర సహజ శిలా వంతెన ఉంది. ఆటు వేళకే దాని కిందికి నడిచి వెళ్లగలం. నీరు తగ్గినప్పుడు చచ్చిన పగడపు రాళ్లు పదునుగా పైకి తేలతాయి, మధ్య గుంటల్లో నీరు నిలిచి చిన్న చేపలు, నల్లటి సముద్ర దోసకాయలు కదలకుండా పడి ఉంటాయి. పాచి పట్టిన రాయి మీద మామూలు హవాయి చెప్పు నిలవదు, వెనక పట్టీ ఉన్న చెప్పు కావాలి. పోటు వచ్చిందంటే ఆ దారంతా నీళ్ల కింద. ఆటుపోట్ల వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నిన్న పదింటికి చూశామని ఎవరో చెప్పిన మాట ఎల్లుండికి పనికిరాదు. ఆ రోజు ఆటు వేళ హోటల్లో అడిగి బయలుదేరాలి. అన్నట్టు ఆ దీవి కూరగాయల సాగుకు పేరు. మన రైతులకు వంతెన కన్నా ఆ చేలే ఎక్కువ నచ్చవచ్చు.

ఇంత లెక్క మనకెందుకు, ప్యాకేజీ వాళ్లే చూసుకుంటారు కదా అన్నది రెండో పెద్ద ఆక్షేపణ. మంచి ఏజెంటు చాలా పని తగ్గిస్తాడు, కాదనను. కానీ మీరు అడిగిన తేదీకి అమ్మడం అతని వ్యాపారం. ఆ తేదీ వద్దని చెప్పడం అతనికి నష్టం. కనుక డబ్బు కట్టక ముందు కొన్ని ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద తీసుకోవాలి. పడవ రద్దయితే ఆ డబ్బు ఎవరు తిరిగిస్తారు, అదనపు రాత్రి గది అద్దె ఎవరిది, మనం తేదీ మార్చుకుంటే ఎంత కోస్తారు? ఎక్కడెక్కడ భోజనం కలిపారు, శాకాహారులకు ఏం పెడతారు? దీవుల పేర్లూ సరిచూసుకోవాలి. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ పేరు పెట్టారు. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌ను శ్రీ విజయపురం చేశారు. టికెట్ మీద ఒక పేరు, హోటలు రసీదు మీద ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, అవి రెండూ ఒకటే. భారతీయులకు అండమాన్‌లో ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, పడవ ఎక్కేటప్పుడు అసలు గుర్తింపు కార్డు ఉండాలి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉండి విదేశీ పాస్‌పోర్టు తీసుకున్న కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు కలిసి వస్తుంటే వాళ్లకు నిబంధనలు వేరు, ముందుగా కనుక్కోవాలి. లక్షద్వీప్‌కైతే మనకూ ముందస్తు అనుమతి తప్పనిసరి. మాల్దీవులకు వెళ్లేవాళ్లు గమనించాల్సింది ఇంకొకటి: దూరపు రిసార్టులకు తీసుకెళ్లే సీప్లేన్లు పగటి వెలుగులోనే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం మాలేలో దిగితే, రిసార్టులో ఆ రాత్రికి కట్టిన గది ఖాళీగానే ఉంటుంది.

డబ్బు మాట చెప్పకుండా మన ప్రాంతంలో ప్రయాణం మాట పూర్తి కాదు. మిరప ధర ఏ ఏడాదికా ఏడాది ఎలా తిరుగుతుందో వినేవాళ్లందరికీ తెలుసు. 2025లో ధర పడిపోయి, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాది వచ్చిన ధరను నమ్ముకుని ఖర్చులు పెట్టుకున్న ఇళ్లు ఎంత నలిగి ఉంటాయో ఊహించవచ్చు. కాబట్టి పంట చేలో ఉండగా డబ్బు తిరిగి రాని టికెట్లు, గదులు కొనకూడదు. రద్దు చేసుకుంటే కొంత కోసుకుని మిగతాది ఇచ్చే టికెట్‌కు కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. అనిశ్చితమైన ఆదాయం ఉన్నవాడికి ఆ తేడా బీమా లాంటిది. అప్పు చేసి దీవులకు వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. ధర రాని ఏడాది మానుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. మరి ఇంత ఖర్చెందుకు, మన సూర్యలంక లేదా, వాడరేవు లేదా అని పెద్దలు అంటారు. న్యాయమైన ప్రశ్న. అలల్లో తడిసి, ఇసుకలో కూర్చుని, వేడి వేడి చేపలు తిని సాయంత్రానికి ఇల్లు చేరడమే కోరిక అయితే సూర్యలంకే సరైనది, అండమాన్ అక్కర్లేదు. కానీ కృష్ణమ్మ తెచ్చే ఒండ్రు కలిసిన మన తీరంలో పగడాలు పెరగవు; నడుము లోతు నీళ్లలో మన పాదాలే మనకు కనిపించవు. సముద్రం అడుగు కంటికి కనిపించడం, రంగురంగుల చేపల మధ్య తల ముంచి చూడడం పగడాల దీవిలోనే సాధ్యం. ఆ ఒక్కటీ కావాలనుకున్నవాళ్లే అంత దూరం పోవాలి.

సామాను, ఒంటి జాగ్రత్తల గురించి కొద్దిగా. పడవలో వాంతులు వచ్చే వాళ్లు డాక్టరు చెప్పిన మాత్ర పడవ ఎక్కక ముందే వేసుకోవాలి, కదిలాక వేసుకుంటే అంతగా పని చేయదు. బీపీ, షుగరు మందులు ప్రయాణం రోజులకు మించి ఇంకో నాలుగు రోజులకు సరిపడా చేతి సంచిలోనే ఉంచుకోవాలి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక అక్కడ ఇంటర్నెట్ మెరుగైంది గాని, చిన్న దీవుల్లో ఫోన్ పే మీదే ఆధారపడితే ఇబ్బంది. నగదు దగ్గర పెట్టుకోవాలి. నీళ్లలో దిగొద్దని బోర్డు ఉన్న చోట దిగకూడదు. అండమాన్ నీళ్లలో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, మనుషుల ప్రాణాలు తీసిన సంఘటనలూ ఉన్నాయి. పగడపు ముక్కలు, గవ్వలు ఏరి సంచిలో వేసుకోవడం చట్టప్రకారం నేరం.

ఇంకో చోట నా మాట కాస్త కటువుగా ఉంటుంది. బారతంగ్ సున్నపురాయి గుహలకు వెళ్లే రోడ్డు జారవా ఆదివాసుల అడవి మధ్య నుంచి పోతుంది. జిర్కతాంగ్ దగ్గర వాహనాలను గుంపులుగా, కాపలాతో, నిర్ణీత వేళల్లోనే పంపిస్తారు. ఆ దారిలో ఆగడం, వాళ్లకు తినడానికి ఏదైనా ఇవ్వడం, ఫొటోలు తీయడం జైలు శిక్ష పడే నేరాలు. ఆ రోడ్డును అడవి మేర మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. మన ప్రాంతం పర్యాటకులు ఆ గుహలను తమ జాబితాలోంచి తీసేస్తే వాళ్లకు పోయేదేమీ లేదు. ఒకరి ఇంటి ముంగిట్లోంచి రోజూ వందల వాహనాలు పోవడానికి మనం డబ్బు కట్టనక్కర్లేదు. ఆ రోజును పోర్ట్‌బ్లెయిర్‌కు ఇవ్వండి. 1906కు పూర్తయిన సెల్యులర్ జైలు ఏడు విభాగాల్లో మూడే నేడు నిలిచి ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం మనుషుల్లో కొందరిని ఈ దీవులకే ప్రవాసం పంపారు. ఊళ్లో తిరిగితే తెలుగు వినపడుతుంది. 2011 జనాభా లెక్కల్లో అక్కడి జనంలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు ఎక్కువ. దారి, ధర, వాతావరణం అడగడానికి వాళ్లకన్నా నమ్మకమైన మనుషులు దొరకరు.

చివరగా ఒక విన్నపం, ఇది పర్యాటకులకు కాదు. కుటుంబాలు నెల ముందుగా తేల్చుకోవాలని ఇంతసేపు చెప్పాను. అది ఒక్క కుటుంబం చేతిలో ఉన్న పని కాదు. గుంటూరు మిర్చి యార్డు సెలవు తేదీల మీద వేలాది ఇళ్ల సెలవులు ఆధారపడి ఉన్నాయి. వ్యాపారివే కాదు, గుమస్తావి, కాటా వేసేవాడివి, హమాలీవి కూడా. మార్కెట్ కమిటీ, కమీషన్ వ్యాపారుల సంఘం కూర్చుని ఆ తేదీలను జనవరిలోనే ప్రకటిస్తే, వీలైతే సెలవులను వారం ముందుకు జరిపితే, పండగకు, పెళ్లికి, సముద్రానికి, ఏ ప్రయాణానికైనా అందరూ తక్కువ ధరకు, సరైన కాలంలో టికెట్లు కొనుక్కోగలుగుతారు. ఈ సంగతి పెద్దలు ఆలోచించాలని కోరుతున్నాను.